రెండు తాళంచెవులు

ఏ బ్యాంకు శాఖలోనైనా నగదు దాచే ఇనప్పెట్టెకు రెండు తాళంచెవులుంటాయి. ఒకటి క్యాషియరు దగ్గర, ఇంకొకటి ఆఫీసరు దగ్గర ఉంటుంది. ఇద్దరూ కలిసి వస్తేనే పెట్టె తెరుచుకుంటుంది. సుమారు ముప్పై ఏళ్ళుగా ఆ రెండింటిలో ఏదో ఒకటి జేబులో వేసుకుని తిరుగుతున్నవాణ్ణి నేను. ఊరివాళ్ళ సొమ్మంతా ఒక్కడి చేతిలో పెట్టకూడదన్న జాగ్రత్తే ఆ ఏర్పాటుకు మూలం.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఒక శాఖలో, ఒక ఉదయం ఆ జాగ్రత్త ఎదురుతిరిగింది. నెల మొదటి తేదీ. పింఛను కోసం వచ్చిన ముసలివాళ్ళు బెంచీల మీద కూర్చుని ఉన్నారు. ముందురోజు లెక్కలో వచ్చిన తేడా గురించి క్యాషియరుకూ ఆఫీసరుకూ మాటా మాటా పెరిగింది. ఆఫీసరు విసురుగా లేచి, తాళంచెవి జేబులో వేసుకుని ఇంటికి వెళ్ళిపోయాడు. పై అధికారి ఫోను చేసి, బతిమాలి, వెనక్కు పిలిపించేసరికి మధ్యాహ్నం పన్నెండు దాటింది. దొంగతనం జరగలేదు. ఒక్క రూపాయి పోలేదు. సాయంత్రం లెక్క పైసాతో సహా సరిపోయింది. కాని ఆ బెంచీల మీద కూర్చున్నవాళ్ళకు ఒక పూట పోయింది. ఆ పూటను ఏ పద్దులోనూ రాయలేదు.

కొన్నేళ్ళుగా మన రాష్ట్రంలోని విశ్వవిద్యాలయాల గురించి పత్రికల్లో చదివినప్పుడల్లా నాకు ఆ ఉదయమే గుర్తుకొస్తుంది. గవర్నరుది తప్పా, ప్రభుత్వానిది తప్పా అని మా వత్రాప్ టీ అంగళ్ళలో కూడా వాదించుకుంటారు. ఎవరి పార్టీని బట్టి వాళ్ళ తీర్పు. నాకు మాత్రం అంతకంటె పాత ప్రశ్న ఒకటి మనసులో మెదులుతుంది. చేయవలసిన పని చేయకుండా ఊరుకోవడం కూడా ఒక పనేనా? దానికి కూడా మనిషి జవాబు చెప్పుకోవాలా?

ముందు ఈ తాళంచెవులు ఎవరెవరి దగ్గర ఉన్నాయో చూద్దాం. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయం పుట్టినప్పుడు మద్రాసు గవర్నరే దానికి కులపతి. దొరల కాలంలో ఏర్పడిన ఆ పద్ధతి స్వరాజ్యం వచ్చాక కూడా మారలేదు. కొత్త విశ్వవిద్యాలయం పెట్టినప్పుడల్లా దాదాపు ప్రతి చట్టంలోనూ ‘రాష్ట్ర గవర్నరు కులపతిగా ఉంటారు’ అన్న వాక్యం చేరుతూ వచ్చింది. ఈ పదవి గవర్నరుకు రాజ్యాంగం ఇచ్చింది కాదు, శాసనసభ చేసిన చట్టం ఇచ్చింది. ఉపకులపతి పదవి ఖాళీ అయితే ఒక అన్వేషణ సంఘం వేస్తారు. అది మూడు పేర్లు సూచిస్తుంది. వారిలో ఒకరిని కులపతి నియమిస్తారు. సంఘంలో ఎవరుండాలి, డబ్బు ఎంత ఇవ్వాలి, ఖాళీలు ఎప్పుడు నింపాలి అన్న విషయాల్లో ప్రభుత్వం చెయ్యి ఉంటుంది. చివరి సంతకం గవర్నరుది. అంటే ఇక్కడ కూడా రెండు తాళంచెవులే.

ఈ పదవికి తమిళంలో ‘వేందర్’ అంటారు. వేందర్ అంటే రాజు. మన తెలుగులో ‘కులపతి’ అన్నాం. పదివేలమంది శిష్యులకు అన్నం పెట్టి చదువు చెప్పే ఋషిని పూర్వం కులపతి అనేవారట. ఒకే కుర్చీకి ఒక భాషలో ఏలేవాడి పేరు, మరొక భాషలో పోషించేవాడి పేరు. రెండు భాషల మధ్య బతికే మనలాంటివాళ్ళకు ఈ తేడా కాస్త త్వరగా కంటబడుతుంది. నాకు తెలిసినంతలో ఈ తగాదా అంతా ఆ రెండు పేర్ల మధ్యనే ఉంది.

ఇక జరిగింది చెబుతాను. కోయంబత్తూరు భారతియార్ విశ్వవిద్యాలయం ఉపకులపతి పదవీకాలం 2022 అక్టోబరులో ముగిసింది. మద్రాసు విశ్వవిద్యాలయం ఉపకులపతిది 2023 ఆగస్టులో ముగిసింది. మన మధురై కామరాజ్ విశ్వవిద్యాలయం ఉపకులపతి 2024లో రాజీనామా చేశారు. అన్వేషణ సంఘంలో యూజీసీ ప్రతినిధి ఒకరుండాలని గవర్నరు పట్టుబట్టారు. 2018 నాటి యూజీసీ నిబంధన ఆ మాటే చెబుతుంది. మా రాష్ట్ర చట్టంలో అటువంటి సభ్యుడు లేడని ప్రభుత్వం అన్నది. 2023లో గవర్నరు తన సంఘాలను ప్రకటించారు, ప్రభుత్వం ఆ సభ్యుణ్ణి తీసేసి తన సంఘాన్ని గెజిట్‌లో వేసింది. 2024 జనవరిలో గవర్నరు తన ప్రకటనలు వెనక్కు తీసుకున్నారు. 2025 నవంబరు నాటికి కూడా ఆ మూడు చోట్లా ఉపకులపతి లేడు. 2022లో భారతియార్ పరిధిలోని కాలేజీలో బీకాం చేరిన పిల్లవాడు, మూడేళ్ళు చదివి బయటికి వచ్చేనాటికి కూడా ఆ కుర్చీ నిండలేదన్నమాట. ఆబోతులు పోట్లాడుకుంటే లేగల కాళ్ళు విరిగినట్టు అని మన పెద్దలు ఊరికే అనలేదు.

ఉపకులపతి లేకపోతే విశ్వవిద్యాలయం మూతబడదు. ఉన్నతవిద్యాశాఖ కార్యదర్శి వంటి అధికారి ముందుండే కన్వీనర్ సంఘం రోజువారీ పనులు నడుపుతుంది. పరీక్షలు జరుగుతాయి, మార్కుల జాబితాలు వస్తాయి. పెట్టె మూసి ఉన్నా బ్యాంకు తలుపులు తెరిచే ఉన్నట్టు! ఆగిపోయేవి వేరే ఉంటాయి. ఒక విభాగంలో చివరి అధ్యాపకుడు రిటైరైతే ఆ చోటు నింపాలా, ఆ విభాగాన్ని ఇంకొకదానిలో కలిపేయాలా అన్నది నిర్ణయించేవాడు కావాలి. అప్పగింతల మీద నడిచే సంఘం అటువంటి నిర్ణయాలకు వెనకాడుతుంది, అది సహజం. 2024లో మధురై కామరాజ్‌లో జీతాలు, పింఛన్లు ఆలస్యమై ఉద్యోగులు ఆందోళన చేశారు. దానికి ఉపకులపతి లేకపోవడమొక్కటే కారణమని వాణిజ్యశాస్త్రం చదివినవాడిగా నేను అనను. దూరవిద్య ఆదాయం తగ్గడం, పింఛన్ల భారం పెరగడం అంతకుముందు నుంచే ఉన్నాయి. కాని అప్పుల్లో పడ్డ ఇంటికి యజమాని కూడా లేకపోతే ఏమవుతుందో మనకు తెలియనిది కాదు.

దీనికి ప్రభుత్వం ఎంచుకున్న మందు, రెండో తాళంచెవిని తన చేతికే ఇమ్మనడం. ఉపకులపతులను నియమించే అధికారం ప్రభుత్వానికి ఇస్తూ 2022 ఏప్రిల్‌లో మన శాసనసభ బిల్లులు ఆమోదించింది. ఈ కోరిక కొత్తదేమీ కాదు. 1994లో, జయలలిత మొదటిసారి ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు, గవర్నరుకు బదులు ముఖ్యమంత్రే కులపతిగా ఉండాలని ఒక బిల్లు ఆమోదించారు. అప్పుడు మద్రాసు రాజభవనంలో ఉన్నది మన తెలుగువారే, మర్రి చెన్నారెడ్డిగారు. ఆ బిల్లు చట్టం కాలేదు. ఆ తరువాత ముప్పై ఏళ్ళకు అటుది ఇటయింది. హైదరాబాదు రాజభవనంలో తమిళ మహిళ తమిళిసై సౌందరరాజన్ గారు గవర్నరు. తెలంగాణ విశ్వవిద్యాలయాలన్నిటికీ ఒకే నియామక మండలి పెట్టే బిల్లుతో పాటు మరికొన్ని బిల్లులు ఆగిపోయాయని ఆ ప్రభుత్వం 2023లో సుప్రీంకోర్టుకు వెళ్ళింది. తెలుగువాడు చెన్నైలో కూర్చున్నా, తమిళ ఆడపడుచు హైదరాబాదులో కూర్చున్నా కథ ఒక్కటే. కనుక ఇది భాషల తగవు కాదు, మనుషుల మంచిచెడ్డల తగవు కూడా కాదు. ఆ కుర్చీలోనే ఏదో మెలిక ఉంది.

అయితే రెండు తాళంచెవులూ ప్రభుత్వానికే ఇచ్చేస్తే సరిపోతుందా? ఆ మాటకు నా తల ఊగదు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో 1960ల్లో జరిగింది పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. డి.ఎస్. రెడ్డిగారు 1964లో ఐదేళ్ళకు ఉపకులపతిగా నియమితులయ్యారు. 1966లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చట్టాన్ని ఒకటికి రెండుసార్లు సవరించింది. మొదట పదవీకాలాన్ని మూడేళ్ళకు తగ్గించింది. తరువాత, అప్పటికి పదవిలో ఉన్న ఉపకులపతి స్థానంలో తొంభై రోజుల్లో కొత్తవారిని వేయాలని ఒక సెక్షను చేర్చింది. పదవిలో ఉన్నది ఆయనొక్కరే. ఒక్క మనిషిని దించడానికి ఒక చట్టం! 1967లో సుప్రీంకోర్టు ఆ సెక్షనును కొట్టేసింది. ఓట్లతో వచ్చిన ప్రభుత్వం కూడా తాళంచెవిని ఎలా తిప్పగలదో ఆ కేసు చెబుతుంది.

గవర్నరు కులపతిగా ఉంటే అవినీతి రాదన్న మాట కూడా నిలవదు. గవర్నరే కులపతిగా ఉండగా 2018 ఫిబ్రవరిలో భారతియార్ ఉపకులపతిని లంచం ఆరోపణ మీద అరెస్టు చేశారు. అదే ఏడాది జూన్‌లో మధురై కామరాజ్ ఉపకులపతి నియామకాన్ని మద్రాసు హైకోర్టు రద్దు చేసింది. కేరళలో కన్నూరు ఉపకులపతి పునర్నియామకాన్ని సుప్రీంకోర్టు 2023 నవంబరు 30న కొట్టివేస్తూ చెప్పిన కారణం ఇంకా ఆలోచించదగ్గది. అక్కడ గవర్నరు సంతకం పెట్టారు. కాని ప్రభుత్వం ఒత్తిడికి లోబడి, తన బుద్ధితో నిర్ణయించకుండా పెట్టారు, కనుక అది చెల్లదని కోర్టు అన్నది. పెట్టిన సంతకం వెనక మనసు ఉండాలని కోర్టు అడిగిందన్నమాట. మరి పెట్టని సంతకం వెనక మనసును ఎవరు అడగాలి?

ఇక్కడ శంకరయ్యగారి సంగతి చెప్పాలి. ఎన్. శంకరయ్య మధురై అమెరికన్ కాలేజీలో బీఏ చివరి సంవత్సరం చదువుతుండగా 1941లో తెల్లదొరల ప్రభుత్వం అరెస్టు చేసింది. పరీక్షకు కొద్ది రోజులే ఉంది. పరీక్ష పోయింది, పట్టా పోయింది. తరువాత ఆయన కమ్యూనిస్టు నాయకుడిగా నూరేళ్ళు దాటి బతికారు. ఆయనకు గౌరవ డాక్టరేటు ఇవ్వాలని 2023లో మధురై కామరాజ్ విశ్వవిద్యాలయం సిండికేటు, సెనేటు తీర్మానించాయి. కులపతి సంతకం కావాలి. ఆ సంతకం రాలేదు. నవంబరు 2న జరిగిన స్నాతకోత్సవంలో ఆయన పేరు లేదు. ఉన్నతవిద్యా మంత్రి ఆ ఉత్సవానికి వెళ్ళలేదు. నవంబరు 15న శంకరయ్యగారు కన్నుమూశారు.

ఆయన రాజకీయాలు నావి కావు. గౌరవ డాక్టరేటు ఎవరికి ఇవ్వాలో కాదనే హక్కు కులపతికి ఉండవచ్చు కూడా. ‘ఈ కారణం వల్ల నేను ఒప్పుకోను’ అని ఒక కాగితం మీద రాసి విశ్వవిద్యాలయానికి పంపి ఉంటే, ఆ కారణాన్ని నలుగురూ చదివేవారు, ఒప్పుకునేవారు, తిట్టేవారు. కాదన్నవాడు తన మాట కింద తానే నిలబడతాడు. ఊరకున్నవాడు ఎక్కడ నిలబడ్డాడో ఎవరికీ కనబడదు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమియ్యడని సామెత. పూజారి పొమ్మంటే ఇంకో గుడికి పోవచ్చు. తలుపు తీయకుండా, లోపలినుంచి పలకకుండా కూర్చుంటే భక్తుడు ఎంతసేపు నిలబడాలి?

ఇంత దూరం ఇతరుల సంతకాల గురించి రాశాక నా సంతకం గురించి కూడా చెప్పకపోతే ఇది నిజాయితీ కాదు. చాలా ఏళ్ళ కిందట నేను ఒక పల్లెటూరి శాఖకు మేనేజరుగా ఉన్నాను. ఏ బ్యాంకు, ఏ ఊరు అన్నది ఇక్కడ అవసరం లేదు. ఒక మెట్టసేద్యగాడు తన కొడుకు ఇంజనీరింగు చదువుకు అప్పు కోసం దరఖాస్తు తెచ్చి ఇచ్చాడు. ఇంట్లో మన తెలుగే మాట్లాడే కుటుంబం. అడిగింది నాలుగు లక్షల లోపు, కనుక ఆస్తి హామీ అడిగేందుకు నిబంధన ఒప్పుకోదు. కాని ఆ ఊళ్ళో అంతకుముందు ఇచ్చిన అప్పులు కొన్ని మొండిబాకీలై పై ఆఫీసు నుంచి నాకు అక్షింతలు పడుతున్నాయి. ఇస్తే ఇంకో మొండిబాకీ అవుతుందేమోనని భయం. ఇవ్వనంటే కారణం రాయాలి, రాయడానికి కారణం లేదు. కాగితాన్ని సొరుగులో పెట్టాను. ఆయన వచ్చినప్పుడల్లా ‘చూస్తున్నాం’ అన్నాను. నేను అబద్ధం ఆడలేదు, లంచం అడగలేదు, నిబంధన ఏదీ మీరలేదు. కాలేజీలో డబ్బు కట్టే గడువు దాటిపోయింది.

ఆ తరువాత ఆయన ఒకసారి దరఖాస్తు కాగితాలు వెనక్కు తీసుకునేందుకు వచ్చాడు. కోపంగా లేడు. “సామీ, అవునంటే అవును, కాదంటే కాదని చెప్పుంటే వేరే దోవ చూసుకొనుందుము. ఊరకే ఉంటిరే” అన్నాడు. అంతే. మరుసటి ఏడు ఆ పిల్లవాడికి వేరే బ్యాంకులో అప్పు దొరికింది, చదువుకున్నాడు. ఒక్క ఏడే కదా అని చాలాకాలం నాకు నేను సర్దిచెప్పుకున్నాను. పోయిన ఏడు నాది కాదు గనుక అలా సర్దిచెప్పుకోగలిగాను.

అప్పటినుంచి నాకు ఒక సంగతి తెలిసింది. కాదనడానికి ధైర్యం కావాలి, ఎందుకంటే కారణం చెప్పాలి. అవుననడానికీ ధైర్యం కావాలి, ఎందుకంటే రేపు ఏదైనా జరిగితే జవాబు చెప్పాలి. ఊరుకోవడానికి మాత్రం ఏ ధైర్యమూ అక్కర్లేదు. అధికారం ఉన్నవాడికి అందులో ఉన్నంత సుఖం మరి దేనిలోనూ లేదు. దాని ఖర్చు పూర్తిగా అవతలివాడు భరిస్తాడు.

దీనికి ఒక అభ్యంతరం ఉంది, అది చిన్నది కాదు. ఆలస్యం ఒక్కొక్కప్పుడు వివేకమే. తొందరపడి సంతకం చేసి జైలుకు వెళ్ళిన మేనేజర్లను మా ఉద్యోగంలో చూశాం. ఒక చెడ్డ నియామకాన్ని ఆపడానికి కులపతి ఆగి ఆలోచిస్తే తప్పేమిటి? తప్పు లేదు. ఆగవలసినప్పుడు ఆగాలి. కాని ఆగుతున్నానని చెప్పాలి, దేనికోసం ఆగుతున్నానో చెప్పాలి. ‘ఈ రెండు కాగితాలు తెండి, పది రోజుల్లో చెబుతాను’ అన్నదీ ఆలస్యమే, ‘చూస్తున్నాం’ అన్నదీ ఆలస్యమే. మొదటిదానిలో అవతలి మనిషి ఉన్నాడు. రెండోదానిలో లేడు.

చట్టం ఈ విషయంలో ఎంతదూరం రాగలదో 2025లో చూశాం. ఎక్కువభాగం విశ్వవిద్యాలయాలకు సంబంధించిన పది బిల్లులను మన గవర్నరు 2023 నవంబరులో తిప్పి పంపారు. శాసనసభ నవంబరు 18న వాటిని మళ్ళీ ఆమోదించింది. ఆయన వాటిని రాష్ట్రపతికి పంపారు. 2025 ఏప్రిల్ 8న సుప్రీంకోర్టు ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం అది చెల్లదని, ఆ బిల్లులకు ఆమోదం లభించినట్టే భావించాలని తీర్పు చెప్పింది, గవర్నర్లకు గడువులు కూడా పెట్టింది. మే 21న మద్రాసు హైకోర్టు ఉపకులపతుల నియామకం సవరణల మీద స్టే ఇచ్చింది. రాష్ట్రపతి అడిగిన ప్రశ్నలకు జవాబుగా నవంబరు 20న ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, కోర్టులు అటువంటి గడువులు పెట్టలేవని, ఆమోదం లభించినట్టు భావించడం కుదరదని అభిప్రాయం చెప్పింది. గవర్నరు ఎంతకాలమైనా కదలకుండా కూర్చోవడానికి కూడా వీల్లేదని, అప్పుడు ‘ఏదో ఒకటి తేల్చండి’ అని మాత్రం కోర్టు అడగగలదని అన్నది. రాజ్యాంగం 200వ అధికరణంలో బిల్లును తిప్పి పంపేచోట ఉన్న మాట ‘సాధ్యమైనంత త్వరగా’. అంతకుమించి రోజుల లెక్క లేదు.

చాలామంది దీన్ని ఒక పక్షం గెలుపుగానో ఓటమిగానో చదివారు. నేను దాన్ని మరోలా చదివాను. రాజ్యాంగం రాసినవారు అక్కడ అంకె వేయకుండా ఖాళీ వదిలారు. ఆ కుర్చీలో కూర్చునే మనిషికి తన గడువు తానే పెట్టుకునే పాటి మనస్సాక్షి ఉంటుందని నమ్మి వదిలారు. మనల్ని నమ్మి వదిలిన ఖాళీని హక్కుగా వాడుకోవడం చట్టం దృష్టిలో నేరం కాకపోవచ్చు. ధర్మం దృష్టిలో అది నమ్మి అప్పగించిన సొమ్మును వాడుకోవడమే.

మన తెలుగువారిలో ఒకరు ఇందుకు ఎదురు దారి చూపించారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం తొలి ఉపకులపతి కట్టమంచి రామలింగారెడ్డిగారు. ఆనాడు దానికి కులపతి మద్రాసు గవర్నరే. ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో ప్రభుత్వం ప్రజల మీద సాగించిన దమనకాండకు నిరసనగా 1930లో ఆయన పదవికి రాజీనామా ఇచ్చారు. కుర్చీ పట్టుకుని పని ఆపలేదు. కారణం చెప్పి, తాళంచెవి బల్ల మీద పెట్టి లేచారు. 1936లో ఆ విశ్వవిద్యాలయం మళ్ళీ ఆయన చేతికే వచ్చింది.

ఇదంతా మన చిన్న పత్రికలో ఎందుకని ఎవరైనా అడగవచ్చు. నేను బీకాం పట్టా తీసుకున్నది మధురై కామరాజ్ విశ్వవిద్యాలయం నుంచి. 1966లో అది పుట్టకముందు మన దక్షిణ జిల్లాల పిల్లల పట్టాలు మద్రాసు నుంచి రావలసిందే. నాగమలై పక్కన ఉన్న ఆ ఆవరణలో మన తెలుగుకు కూడా ఒక విభాగం పెట్టారు. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ అక్షరాలు రాని వేలమందికి, ఈ భాషలో పరిశోధన కూడా చేయవచ్చని చెప్పిన చోటు అది. పెద్ద విభాగాలకు అడిగేవాళ్ళుంటారు. చిన్న భాషల విభాగాలకు ఉపకులపతి ఒక్కడే దిక్కు. రెండు పెద్ద చేతుల మధ్య తాళంచెవి చిక్కుకున్నప్పుడు మొదట ఎండిపోయేవి చిన్న మొక్కలే. అందుకని ఈ తగాదాలో మనకు పక్షం లేకపోయినా పని ఉంది.

రెండు తాళంచెవులు ఉండవలసిందే అంటాను. కాని బ్యాంకులో ఆ తాళంచెవులకు ఒక రిజిస్టరు ఉంటుంది. సెలవు పెట్టేవాడు ఇంకొకరికి అప్పగించి సంతకం పెట్టి వెళ్ళాలి. నకలు తాళంచెవులు వేరే శాఖలో భద్రంగా ఉంటాయి. విశ్వవిద్యాలయాల చట్టాల్లో కూడా అటువంటి పుట ఒకటి చేర్చవచ్చు. పేర్లు అందిన తేదీ, తేల్చవలసిన గడువు, కాదంటే కారణం, గడువు దాటితే ఆ పని ఎవరి చేతికి పోవాలన్నది ఆ పుటలో ఉండాలి. పశ్చిమబెంగాల్లో ఇటువంటి తగాదా ముదిరి, 2024లో సుప్రీంకోర్టు మాజీ ప్రధాన న్యాయమూర్తి యు.యు. లలిత్ గారి కింద ఎంపిక సంఘం వేయవలసి వచ్చింది. ఇంటివాళ్ళు తేల్చుకోలేక ఊరి పెద్దను పిలుచుకున్నట్టయింది. గవర్నర్లకు ఈ కులపతి బరువు వద్దని పూంఛీ కమిషన్ 2010లోనే సూచించింది. ఆ కుర్చీలో ఎవరిని కూర్చోబెట్టినా, రిజిస్టరు లేని తాళంచెవి ఎవరి జేబులోనైనా ఒకలాగే పనిచేస్తుంది.

నా మటుకు నేను ఆ సేద్యగాడు వెళ్ళిన మరునాడు సొరుగు ఖాళీ చేశాను. అందులో ఇంకా పదకొండు దరఖాస్తులున్నాయి. ఏడింటికి అప్పు ఇచ్చాను. నాలుగింటి మీద కారణం రాసి, తేదీ వేసి, సంతకం పెట్టి తిప్పి పంపాను. ఆ నలుగురిలో ఇద్దరు వచ్చి నాతో గట్టిగా పోట్లాడారు. వాళ్ళు పోట్లాడుతుంటే నాకు తేలికగా అనిపించింది. పోట్లాడటానికి ఎదురుగా ఒక మనిషి దొరికాడు వాళ్ళకు.